వీడియో పెట్టేశాం అంటే పాఠం చెప్పినట్టేనా?



పోస్టు కొంచెం పెద్దదే. మధ్యలో వదిలేయకుండా చదవమని మనవి. వచ్చే ఆదివారం మీటింగులో దీని మీదే మాట్లాడాలని అనుకుంటున్నాం.

మేమంతా కొత్తపట్నం చుట్టుపక్కల పేటల నుంచి, పడమటి మండలాల తండాల నుంచి వచ్చి ఒకే హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుకుంటున్న వాళ్లం. యానాదులం, ఎరుకలోళ్లం, సుగాలీలం కలిసే తింటాం, కలిసే ఉంటాం. మా అమ్మానాయనలు రొయ్యల చెరువుల కాడ కాపలాకి, మిరగాయల కోతలకి, పత్తి తీతలకి పోయేవాళ్లే. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

సెలవల్లో మన పదో తరగతి పిల్లలకి గ్రూపు తరఫున ఆన్‌లైన్ క్లాసులు పెడదామని పోయిన వారం అనుకున్నారు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు వీడియోలు తీసి పెట్టడం, నోట్సు పీడీఎఫ్‌లు పంపడం, వారానికో పరీక్ష. చాలా మంచి పని, మేం కూడా చెయ్యి వేస్తాం. కాకపోతే మేం ఒక్క మాట అడిగాం. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, చేతులు సరిగా ఆడని పిల్లలు ఈ క్లాసులు ఎట్టా చదువుకోవాలి అని. దానికి ఒక అన్న, "మనలో అట్టాంటోళ్లు ఎంతమంది ఉంటారు తమ్ముడూ, ఒకళ్లో ఇద్దరో" అన్నారు. ఇంకో అన్న "ముందు సిగ్నల్ రానీండిరా" అన్నారు. ఒక అక్క "వాళ్లకి వేరే స్కూళ్లు ఉంటాయి గదా" అన్నారు. ముగ్గురి మీదా మాకు గౌరవం ఉంది. వాళ్లు చేసిన పని ముందు మేం చేసింది ఏమీ లేదు. అయినా ఆ మూడు మాటలూ మాకు మింగుడు పడలేదు.

ఎంతమంది ఉంటారో మొదట చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది. వందకి చూస్తే దేశం మొత్తం 2.21, ఎస్సీల్లో 2.45, ఎస్టీల్లో 2.05. చూశారా, మనలో తక్కువే ఉన్నారు అనిపిస్తది. మేం మాత్రం ఆ తక్కువని నమ్మలేం. డాక్టరు దూరం, తిండి తక్కువ, జ్వరం వస్తే పసరు పోసుకునే పేటల్లో వైకల్యం ఊళ్లోవాళ్ల కన్నా తక్కువ ఎందుకు ఉంటది? లెక్క రాసుకునేవాళ్లు వచ్చి అడిగితే మన పెద్దోళ్లు "మా పిల్లకి మాట నిదానం, అంతే" అంటారు. సదరం సర్టిఫికెట్ కావాలంటే స్లాట్ పెట్టుకోవాలి, బస్సెక్కి పోవాలి, రెండు రోజుల కూలి వదులుకోవాలి, డాక్టరు ఆరోజు లేకపోతే మళ్లీ పోవాలి. కాయితం లేకపోతే లెక్కలో లేరు. లెక్కలో లేకపోతే "మనలో ఎంతమంది ఉంటారు" అని మనమే అంటాం.

ఇంకో సంగతి. 2011లో లెక్క పెట్టింది 8 రకాల వైకల్యాలే. 2016 చట్టం వచ్చాక అవి 21 అయ్యాయి. ఆ 21లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇది ఆదివాసీల్లోనే ఎక్కువగా కనపడే రక్తం జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో దీని మీద పెద్ద మిషన్ మొదలుపెట్టింది కూడా. ఒళ్లు నొప్పులు వచ్చి నెలలో వారం బడికి పోలేని పిల్లకి రికార్డు చేసిన పాఠం ఎంత అవసరమో ఆలోచించండి. వికలాంగులు అనంగానే మనకి మూడు చక్రాల బండి ఒక్కటే గుర్తొస్తది. ఆ చిత్రం పాతబడిపోయింది.

ఇక మా పేట సంగతి. పేర్లు వద్దు. చూపు లేని ఒక తమ్ముడు ఉన్నాడు, వయసు పదిహేను. చెవులు పాము చెవులు. ఎవరు నడిచొస్తున్నారో అడుగుల చప్పుడుని బట్టి చెప్తాడు. వాళ్ల మామ పాత ఫోనులో టాక్‌బ్యాక్ ఆన్ చేసిచ్చారు. టాక్‌బ్యాక్ అంటే తెలియని వాళ్లకి: ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోనే ఉంటది, డబ్బులు కట్టక్కర్లేదు. తెర మీద వేలు పెడితే అక్కడ ఏముందో చదివి వినిపిస్తది, తెలుగులో కూడా. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరుకుతది. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపు లేని కుర్రాళ్లు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఆ తమ్ముడు మెసేజులు వింటాడు, వాయిస్ పెడతాడు, క్రికెట్ స్కోరు మాకంటే ముందు చెప్తాడు. సైన్సు నోట్సు పీడీఎఫ్ తెరిస్తే మాత్రం ఫోను మూగదైపోతది. లేదంటే పిచ్చి పిచ్చిగా ఇంగ్లీషు అక్షరాలు గొణుగుతది.

ఎందుకంటే మన గ్రూపుల్లో తిరిగే నోట్సు రెండు రకాలు. ఒకటి, పుస్తకం పేజీని ఫోటో కొట్టి పీడీఎఫ్ చేసింది. ఫోనుకి అది అక్షరం కాదు, బొమ్మ. రెండోది, డీటీపీ సెంటర్లలో అను లాంటి పాత ఫాంట్లలో కొట్టింది. కంటికి చక్కటి తెలుగు కనపడతది. లోపల కంప్యూటర్ దాచుకున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తెలుగు బట్ట కప్పుకున్న ఇంగ్లీషు అన్నమాట. చదివే సాఫ్ట్‌వేర్ బట్టని చూడదు, లోపలున్నదే చదువుతది. యూనికోడ్‌లో కొడితేనే అది నిజంగా తెలుగు. పరీక్ష చాలా సులువు: పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగుగా వస్తే సరే. గజిబిజి వచ్చినా, అసలు కాపీనే కాకపోయినా, ఆ నోట్సు ఆ తమ్ముడికి లేనట్టే. మన వేలకొద్దీ తెలుగు మెటీరియల్ ఈ ఒక్క కారణంతో చూపు లేని పిల్లల చేతికి రాకుండా ఆగిపోయింది. సిగ్నల్ లేక కాదు, డబ్బులు లేక కాదు, ఫాంటు వల్ల! మాకు ఇది తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

వీడియోల సంగతి ఇంకో తీరు. లెక్కల సారు బోర్డు మీద రాస్తా "ఇదిగో, దీన్ని ఇటు తెచ్చి, దీంతో కొట్టేస్తే ఇది వస్తది" అంటారు. కళ్లు మూసుకుని ఒక్కసారి వినండి. ఏది ఎటు వచ్చింది? అదే సారు "ఎక్స్ ప్లస్ ఐదు ఈక్వల్ టు పన్నెండు, ఐదుని కుడి పక్కకి తెస్తే మైనస్ ఐదు అవుతది" అని రాసేదంతా నోటితో అంటే ఆ తమ్ముడికి సగం పైన అందుతది. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, నోరు ఉంటే చాలు. (1937లో మన కొత్తపట్నంలోనే యువకులకి రాజకీయ, ఆర్థిక శాస్త్రాల వేసవి పాఠశాల పెడితే ఆనాటి ప్రభుత్వం నిషేధించిందని పెద్దలు చెప్తారు. అక్కడ ఏ తెరా లేదు, అంతా మాటే. సర్కారు అంత భయపడిందంటే మాటతో చెప్పే పాఠానికి ఎంత బలముందో చూడండి.)

వినపడని పిల్లలకి దీనికి తిరకాసు. మా పక్క పేటలో ఒక చెల్లెలు ఉంది. 2020 కరోనాలో బళ్లు మూసేసి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేసినప్పుడు, ఫోన్లకి వీడియోలు వచ్చినప్పుడు మేం తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నాం. టీవీ ఉన్న ఇంటి ముందు పది మందిమి కూచునేవాళ్లం, ఆ చెల్లెలు కూడా వచ్చి కూచునేది. బళ్లో అయితే టీచరు పెదాలు చూసి కొంత పట్టుకునేదంట. ఫోనుకొచ్చిన కొన్ని వీడియోల్లో సార్లు మాస్కు పెట్టుకుని చెప్పారు, కొన్నింట్లో బోర్డు వైపు తిరిగి చెప్పారు, కొన్నింట్లో మనిషే లేడు, చెయ్యి మాత్రం కనపడేది. నాలుగు రోజులు వచ్చి మానేసింది. బళ్లు తెరిచాక కూడా రాలేదు, మిరగాయల కోతలకి పోయింది. కరోనా వల్ల బడి మానేసింది అని రాసుకుని ఉంటారు. మా లెక్కలో కాదు.

కింద తెలుగు అక్షరాలు వేస్తే సరిపోదా అంటే, వెయ్యాలి, తప్పకుండా వెయ్యాలి. దానంతట అది వచ్చే సబ్‌టైటిల్స్ వదిలేస్తే మాత్రం "కిరణజన్య సంయోగక్రియ" ఏ రూపంలో వస్తదో ఆ దేవుడికే తెలియాలి. మనిషి కూచుని దిద్దాలి. అయినా అక్షరాలతోనే పని అయిపోదు. పుట్టుకతో వినపడని పిల్లకి తెలుగు చెవిన పడిన భాష కాదు. సైగల భాష దానికంటూ సొంత వ్యాకరణం ఉన్న భాష, తెలుగుని చేతులతో చెప్పడం కాదు. ఈ ముక్క ఊళ్లోవాళ్ల కన్నా మనకే బాగా అర్థం కావాలి. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే సుగాలీ పిల్లని, ఇంట్లో ఎరుకల భాష మాట్లాడే పిల్లని ఒకటో తరగతిలో తెలుగులో కూచోబెట్టి "మొద్దు" అన్నప్పుడు ఎట్టా ఉందో మనకి తెలుసు. మన రాష్ట్రంలో ఇప్పుడు పుస్తకం ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. తండాలో పుట్టిన వినపడని పిల్లకి ఇంట్లో పెదాలు కదిలేది గోర్ బోలిలో, బళ్లో తెలుగులో, పరీక్ష ఇంగ్లీషులో, తను నేర్చుకోగలిగింది సైగల భాషలో, అది నేర్పేవాళ్లు మండలంలో లేరు. భాష గురించి పోరాడే మనం ఈ పిల్లని మర్చిపోతే ఎట్టా?

పైన ఏమీ జరగలేదని మేం అనడం లేదు. దీక్షా పోర్టల్ 2017 నుంచి ఉంది. 2020 మేలో పీఎం ఈ-విద్య ప్రకటించినప్పుడే చూపు లేని, వినపడని పిల్లలకి వేరే రకం పాఠాలు చేస్తామన్నారు. ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కేంద్రం 2015లో పెట్టారు. ఆ సంస్థా ఎన్‌సీఈఆర్‌టీ కలిసి పాఠ్యపుస్తకాలని సైగల్లోకి మార్చాలని 2020 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నాయి. వికలాంగ పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు ఎట్టా తయారు చెయ్యాలో 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 డిసెంబరు 6న పీఎం ఈ-విద్య 31వ ఛానల్‌ని సైగల భాషకే కేటాయించారు. ఇవి మంచివే. ఆ చెల్లెలి ఇంట్లో వాళ్లకి ఛానల్ 31 అని ఒకటుందని చెప్పే మనిషే లేడు, ఇబ్బంది అక్కడుంది. ఢిల్లీలో తయారైన పాఠం ఒంగోలు దాకా వస్తది, ఒంగోలు నుంచి పేటకి వచ్చే పద్దెనిమిది కిలోమీటర్లే దూరం.

మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు ఎక్కించిన ట్యాబులు పంచింది, లక్షల్లో. ఏ పార్టీ ప్రభుత్వం అని ఇక్కడ గొడవ వద్దు. అప్పుడు పేపర్లలో ట్యాబు రేటు మీద, కంపెనీ మీద, పిల్లలు సినిమాలు చూస్తున్నారనే దాని మీద పేజీలకి పేజీలు రాశారు. చూపు లేని పిల్ల చేతికి ఆ ట్యాబు ఇస్తే అందులో పాఠం చదివి వినిపిస్తదా అని అడిగినవాళ్లు మాకు కనపడలేదు. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అది. కొన్నాక అడిగితే ఏం లాభం.

అడిగే హక్కు ఉందా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గుర్తించిన బడి ఏదైనా వికలాంగ పిల్లల్ని చేర్చుకోవాలి, అందరితో కలిపి చదివించాలి. "వాళ్లకి వేరే స్కూళ్లు ఉంటాయి గదా" అన్న అక్కకి ఇదే మా జవాబు. వేరే స్కూలు కావాలంటే పోవచ్చు, పొమ్మనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదంతా వికలాంగులకి అందే తీరులో ఉండాలంటది, సైగలు, కింద అక్షరాలు, బొమ్మని మాటల్లో వివరించడం అన్నీ పేర్లు పెట్టి మరీ చెప్పింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాల రూల్సు "చేస్తే మంచిది" అన్నట్టు ఉండకూడదు, తప్పనిసరిగా ఉండాలని చెప్పి మూడు నెలల గడువు ఇచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ గారిని బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమన్నారు, ఆర్పలేని మనిషిని. ఆన్‌లైన్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ ఆర్టికల్ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. కళ్లార్పే పనికే ఆ హక్కు ఉంటే పాఠానికి ఉండదా?

వేరే దేశాల్లో కూడా ఊరికే జరగలేదు. అమెరికాలో హార్వర్డ్, ఎంఐటీ లాంటి పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఆన్‌లైన్లో పెట్టిన ఉచిత పాఠాలకి సరైన అక్షరాలు లేవని వినపడని వాళ్ల సంఘం 2015లో కోర్టుకి పోయింది. హార్వర్డ్ 2019లో, ఎంఐటీ 2020లో రాజీకి వచ్చి అక్షరాలు వేస్తామని ఒప్పుకున్నాయి. "ఉచితంగా ఇస్తన్నాం గదా" అన్నది అక్కడ చెల్లలేదు. మన క్లాసులు కూడా ఉచితమే. అందుకే చెప్తన్నాం.

మన తెలుగువాళ్లలో శ్రీకాంత్ బొల్లా గారి సంగతి సినిమా వచ్చాక అందరికీ తెలిసింది. మచిలీపట్నం వైపు పల్లెలో పుట్టిన చూపు లేని కుర్రాడు, పదో తరగతి తర్వాత సైన్సు తీసుకుంటానంటే కుదరదన్నారు, కోర్టుకి పోయి తెచ్చుకున్నారు. సినిమా చూసి అందరూ చప్పట్లు కొట్టాం. మాకు అందులో పట్టుకున్న ముక్క వేరు: పుస్తకాలన్నీ ఎవరో కూచుని చదివి రికార్డు చేసి ఇస్తేనే ఆయన చదవగలిగారు. పట్టుదల ఆయనది, ఆడియో ఇంకొకరిది. పట్టుదల ఉన్న పిల్లలు మన పేటల్లోనూ ఉన్నారు. ఆడియో చేసిచ్చే ఇంకొకరే లేరు.

"ముందు సిగ్నల్ రానీండిరా" అన్న అన్న మాట నిజమే. సముద్రం పక్కన సరుగుడు తోటల్లో సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడేది మేమే. అందుకే అన్నా, మేం అడిగేది తేలిక సరుకు. యూనికోడ్‌లో కొట్టిన పాఠం మామూలు మెసేజుగా పోతది, ఎంత చిన్న సిగ్నల్ ఉన్నా దిగుతది. పది నిమిషాల వీడియో కన్నా పది నిమిషాల ఆడియో ఎంతో చిన్నది. కాపలాకి పోయిన పిల్లోడు కూడా చెవిలో పెట్టుకుని వింటాడు. ఇట్టా చేస్తే అందరికీ లాభమే. అయితే అందరికీ లాభం అని చెప్తేనే చెయ్యాలా అన్నది మాలో కొందరి వాదన. రేపు అందరికీ ఐదో జీ వచ్చి ఎవరికీ ఆడియో అక్కర్లేకపోయినా ఆ ఒక్క తమ్ముడి కోసం చెయ్యాలి. మనలో ఎస్టీ సీటు "ఎంతమంది ఉంటారు, ఒకళ్లో ఇద్దరో" అని ఎవరన్నా తీసేస్తే ఊరుకుంటామా?

ఆదివారం మేం పెట్టబోయే మాటలు ఇవి. వీడియో తీసేవాళ్లు ముఖం వెలుగులో పెట్టి కెమెరా వైపు చూసి చెప్పాలి, రాసేదంతా నోటితో అనాలి. నోట్సు ఫోటోలు వద్దు. పాత నోట్సు ఉంటే గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీసి తప్పులు దిద్ది వర్డ్ ఫైలో మెసేజో పంపాలి, పీడీఎఫ్ ఆఖరి దారి. బొమ్మ ఉంటే దాని కింద రెండు లైన్లలో బొమ్మలో ఏముందో రాయాలి: "గుండె బొమ్మ" అని కాదు, "గుండెలో నాలుగు గదులు, పైన రెండు, కింద రెండు" అని. తెల్ల కాయితం మీద పసుపు రంగు అక్షరాలు దయచేసి మానండి, కంటి చూపు మందంగా ఉన్నవాళ్లకి అవి లేనట్టే. ప్రపంచమంతా వాడే వెబ్ ప్రమాణాల్లో అక్షరానికీ వెనక రంగుకీ తేడా ఇంత ఉండాలని కొలతే ఉంది, నాలుగున్నరకి ఒకటి. వారం పరీక్షకి టైమర్ తీసేద్దాం. చేతులు వణికే పిల్లకి ముప్పై సెకన్లలో నొక్కమంటే అది చదువు పరీక్ష కాదు, వేలి పరీక్ష.

సైగల భాష మన వల్ల కాదు, ఒప్పుకోవాల్సిందే. అందుకని మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి గదా, అక్కడి రిసోర్స్ టీచర్లని కలుద్దాం. ఏ పేటలో ఎవరున్నారో, ఎవరికి సదరం లేదో వాళ్లకీ మనకీ కలిపి ఒక లిస్టు తయారవుతది. ఛానల్ 31 ఎట్టా పెట్టుకోవాలో ఆ ఇళ్లకి పోయి చూపిద్దాం, గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే సరిపోదు. జిల్లా విద్యాశాఖకి, ఐటీడీఏకి ఒక అర్జీ పెడదాం: ఇక మీదట పిల్లలకి కొనే ట్యాబైనా, యాప్ అయినా, పంచే మెటీరియల్ అయినా టాక్‌బ్యాక్‌తో పని చేస్తదో లేదో చూపు లేని పిల్లల చేతనే చూపించి కొనండి అని. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది.

మొదటి పాఠం రికార్డు చేశాక ఎవరికీ పంపక ముందు ఆ తమ్ముడికి ఇద్దాం. వాడు విని "అర్థమైంది" అంటేనే గ్రూపులో పెడదాం. వాడు ఒప్పుకున్నాడు కూడా, కాకపోతే షరతు పెట్టాడు, నెట్ బ్యాలెన్సు మనం వెయ్యాలంట. ఆ చెల్లెలి ఇంటికి మేం ముగ్గురం శనివారం పోతన్నాం. వాళ్ల అమ్మ కోతల నుంచి వచ్చేసరికి చీకటి పడతది, అందుకని రాత్రికి అక్కడే ఉంటాం.

ఫోనులో తెలుగు గబగబా కొట్టగలిగిన వాళ్లు, స్పష్టంగా చదవగల గొంతు ఉన్నవాళ్లు ఆదివారం లోపు పేరు ఇవ్వండి. సబ్‌టైటిల్స్ దిద్దడానికి ఒక లాప్‌టాప్ కావాలి, మా హాస్టల్లో ఉన్న ఒక్కటీ బ్యాటరీ పోయింది. సైన్సు మొదటి రెండు పాఠాలు కొట్టడం మేం మొదలుపెట్టాం.